పుట్టీని పలచన చేసి వాడటం: ప్లాస్టిక్ మోడళ్ల మీద అతుకు కనపడకుండా సాపు చేసే పద్ధతి

మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కిట్ ఏదైనా తెరిచి చూడండి. చాలా కిట్లలో విమానం ఒళ్లు కుడి సగం, ఎడమ సగం అని రెండు ముక్కలుగా వస్తుంది. రెండూ అంటించాక ముక్కు నుంచి తోక దాకా వీపు మీద ఒక అతుకు, పొట్ట కింద ఇంకో అతుకు మిగులుతాయి. 2025 సెప్టెంబరు 26న మన వైమానిక దళం సాగనంపిన అసలు విమానం మీద అలాంటి గీతలు లేవు. పైన రంగు పడితే కనపడవులే అని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అనుకుంటారు. వెండి రంగు వేశాక చూస్తే వెంట్రుకంత సందు కూడా గది అవతలి నుంచి తెలిసిపోతుంది.

రాకెట్లు చేసేవాళ్లకు ఈ తంటా ఇంకా ఎక్కువ. 2022 దాకా మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. దాన్ని 1/72 స్కేల్‌లో, అంటే అసలులో 72వ వంతుకు చేస్తే సుమారు 61 సెంటీమీటర్లు వస్తుంది. 2.8 మీటర్ల వ్యాసం 39 మిల్లీమీటర్లు అవుతుంది. అంత పొడుగు గొట్టం మీద, అదీ లేత రంగు కింద, ఒక్క నిలువు అతుకు నీడ పడినా మొత్తం పని చెడినట్టే. నెల్లూరు డాబాల మీద నిలబడి ప్రయోగాలు చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ రాకెట్ ఎలా ఉండాలో చెప్పాల్సిన పని లేదు.

ఇలాంటి సందులు పూడ్చే ముద్దే పుట్టీ. ట్యూబులోంచి తీసినదాన్ని అలాగే పెడితే అది గట్టిగా ఉండి సన్నని సందులోకి దిగదు, పైనే కూర్చుంటుంది. గట్టుగా మిగిలిన ఆ పుట్టీని అరగదీయడానికి గరుకు పేపర్ కొట్టీ కొట్టీ పక్కనున్న రివెట్లు, ప్యానెల్ గీతలు (రేకులు కలిసేచోట ఉండే గీతలు) కూడా అరగ్గొట్టేస్తాం. అదే పుట్టీని థిన్నర్‌తో పలచన చేస్తే సందులోకి తనంతట తానే పారుతుంది, అంచులు పలచబడి ప్లాస్టిక్‌లో కలిసిపోతాయి, పేపర్ పని సగానికి సగం తగ్గుతుంది.

అయితే ఒక మాట మొదటే గట్టిగా చెప్పాలి. పలచన పుట్టీతో లోతైన సందు నింపకూడదు. పుట్టీలో ఉండేవి మూడు: పట్టి ఉంచే రెసిన్, టాల్కులాంటి మెత్తటి పొడి, ఈ రెండింటినీ మెత్తగా ఉంచే సాల్వెంట్. ఆరడం అంటే ఆ సాల్వెంట్ ఎగిరిపోవడమే. ఎంత సాల్వెంట్ కలిపితే అంత పరిమాణం ఎగిరిపోతుంది, అంత మేరా పుట్టీ కుంగుతుంది. కాబట్టి పెద్ద సందును ప్లాస్టిక్‌తోనే నింపి, పైన మిగిలిన గీతను పలచన పుట్టీతో సాపు చేయాలి. ఈ క్రమం తలకిందులైతే ఎన్ని పూతలు వేసినా, రంగు వేసిన నెలకు గీత మళ్లీ పైకి వస్తుంది.

ఏ పుట్టీ

మన ఊళ్లలో పుట్టీ అనగానే షాపువాళ్లు గోడ పుట్టీ చూపిస్తారు. తెల్ల సిమెంటుతో చేసే ఆ పొడి ప్లాస్టిక్‌కు అంటదు, ఎండాక పెచ్చులుగా ఊడుతుంది. దాని జోలికి పోవద్దు.

మోడళ్ల కోసమే తయారైనవాటిలో టామియా బేసిక్ పుట్టీ, టామియా వైట్ పుట్టీ బాగా వాడుకలో ఉన్నాయి, రెండూ 32 గ్రాముల ట్యూబులు. వైట్ పుట్టీ మరింత సన్నగా ఉంటుంది. రెండూ లాకర్ (సాల్వెంట్ ఎగిరిపోతే గట్టిపడే రకం) జాతివే కాబట్టి లాకర్ థిన్నర్‌తో చక్కగా కరుగుతాయి. మిస్టర్ హాబీ వాళ్ల మిస్టర్ సర్ఫేసర్ 500, 1000 అయితే కంపెనీయే ద్రవంగా చేసి సీసాలో పోసి ఇచ్చిన పుట్టీ లాంటివి. 500లో పొడి ముతకగా ఉండి ఎక్కువ నింపుతుంది, 1000 సన్నపు గీరల వరకు సరిపోతుంది. ఇవి దొరికితే కలిపే పని కొంత తప్పుతుంది.

దొరక్కపోతే ఆటోనగర్ వైపు వెళ్లండి. కార్ల టింకరింగ్, పెయింటింగ్ షెడ్లకు సరుకు అమ్మే షాపుల్లో ఎన్.సి. పుట్టీ అడగండి. ఎన్.సి. అంటే నైట్రోసెల్యులోజ్. బూడిద రంగులో, ఒకే డబ్బాలో వస్తుంది, హార్డెనర్ (గట్టిపడడానికి కలిపే మందు) అక్కర్లేదు. కారు తలుపు మీద సన్నపు గీరలు పూడ్చడానికి పెయింటర్లు వాడేది ఇదే, మోడల్ మీదా ఇదే పని చేస్తుంది. చిన్న డబ్బా ఒకటి కొంటే మోడళ్లు చేసేవాడికి ఏళ్లు వస్తుంది, కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి కొని పంచుకోవడం మేలు. కొనేటప్పుడు అదే షాపులో హార్డెనర్ ట్యూబుతో వచ్చే పాలియెస్టర్ పుట్టీ కూడా కనపడుతుంది. దాన్ని థిన్నర్‌తో పలచన చేయకూడదు. అది గట్టిపడేది రసాయన చర్యతో. మధ్యలో థిన్నర్ చేరితే లోపల మెత్తగా ఉండిపోతుంది.

ఇవి కాక నీటితో పనిచేసేవి రెండు రకాలు. వాలెజో ప్లాస్టిక్ పుట్టీలాంటి అక్రిలిక్ పుట్టీ వాసన లేనిది, తడి దూదిపుల్లతో తుడిస్తే సాపు అవుతుంది, పేపర్ అక్కర్లేదు. రెక్క ఒంటిని కలిసేచోట, పేపర్ దూరని మూలల్లో నేను దీన్నే వాడతాను. కాని ఆరాక పేపర్ కొడితే ముక్కలుగా లేస్తుంది కాబట్టి వీపు మీది అతుకుకు పనికిరాదు. రెండోది మిల్లిపుట్, ఎం-సీల్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ. ఇవి కుంగవు, లోతైన గుంటలకు మంచివి. వీటిని థిన్నర్‌తో పలచన చేయం, తడి వేలితో రుద్ది సాపు చేస్తాం. ఎం-సీల్ కాస్త ముతక కాబట్టి దాని పైన కూడా ఒక పలచన పూత వేయాల్సి ఉంటుంది.

ఏ థిన్నర్

థర్మోకోల్ ముక్క మీద ఎన్.సి. థిన్నర్ చుక్క వేసి చూడండి, కళ్ల ముందే కరిగి గుంట పడుతుంది. థర్మోకోల్, మన కిట్ ప్లాస్టిక్ రెండూ పాలీస్టైరీనే. ఒకటి నురగలా పొంగించినది, ఇంకోటి గట్టిగా అచ్చు పోసినది. అంటే మీరు పుట్టీలో కలిపే ద్రవం మోడల్‌ను కూడా కరిగించగలదు. కొంచెం కరిగించడం మనకు కావలసిందే, పుట్టీ పట్టు దొరికేది అక్కడే. ఎక్కువైతే సన్నని గీతలు, రివెట్లు మెత్తబడి చెరిగిపోతాయి.

ఘాటు వరుసలో చెప్పాలంటే, టామియా లాకర్ థిన్నర్, మిస్టర్ కలర్ థిన్నర్ లాంటివి మోడళ్ల కోసం చేసినవి కాబట్టి మృదువుగా పనిచేస్తాయి. షాపులో విడిగా పోసిచ్చే ఎన్.సి. థిన్నర్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అందులో టోలుయిన్, అసిటోన్ లాంటివి ఎంతెంత కలిపారో సీసా మీద రాసి ఉండదు. సీల్ వేసిన డబ్బా కొనడం మంచిది. అసిటోన్ ఒక్కటే వాడితే చాలా త్వరగా ఎగిరిపోతుంది, పూసేలోపే పుట్టీ గట్టిపడుతుంది. టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్‌తో కూడా పలచన చేయొచ్చు. అది జిగురే కాబట్టి పట్టు బాగా ఉంటుంది, ప్లాస్టిక్‌ను మెత్తబరచడమూ ఎక్కువే. పొడుగైన అతుకు మీద బాగుంటుంది, సన్నని పనితనం ఉన్నచోట వద్దు.

కిరోసిన్, టర్పెంటైన్ ఎన్.సి. పుట్టీని కరిగించవు. ముద్దలు కట్టి, ఆరాక జిడ్డు మిగులుతుంది. పెట్రోలు ప్రాణానికే ప్రమాదం, పైగా ప్లాస్టిక్‌ను బీటలు వారుస్తుంది.

థిన్నర్ ఏదైనా ముందు స్ప్రూ మీద పరీక్షించాలి. ముక్కలు అంటుకుని వచ్చే ఫ్రేమునే స్ప్రూ అంటాం. దాని మీద ఒక చుక్క వేసి, అర నిమిషం ఆగి గోటితో నొక్కండి. గోరు గుర్తు లోతుగా పడితే ఆ థిన్నర్ ఘాటైనది. దాన్ని వాడేటప్పుడు పూత మరీ పలచగా, ఒక్కసారికే పూర్తయ్యేలా వేయాలి.

గాలి, నిప్పు, చేతులు

థిన్నర్ ఆవిర్లు గాలి కంటే బరువైనవి, నేల మీదుగా పాకుతాయి. అదే గదిలో దేవుడి దీపం, అగరుబత్తి, దోమల చుట్ట, గ్యాస్ స్టవ్ ఏదీ వెలగకూడదు. కిటికీ పక్కన కూర్చుని, టేబుల్ ఫ్యాన్ మీ వెనక నుంచి కిటికీ వైపుకు వీచేలా పెట్టుకోండి. మామూలు గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ధూళిని కొంత ఆపుతాయేమో గాని ఆవిరిని ఆపలేవు. ఎక్కువసేపు పని ఉంటే బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. నైట్రైల్ గ్లవ్స్ చిందిన చుక్కల నుంచి కాపాడతాయి, తడిసిన వెంటనే మార్చేయాలి. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న గదిలో ఈ పని అసలు వద్దు. బడి పిల్లలు మోడళ్లు చేస్తుంటే వాళ్లకు అక్రిలిక్ పుట్టీ ఇచ్చి నీళ్లతో చేయించండి. థిన్నర్ పని పెద్దవాళ్లు చేయాలి.

ముందు సందును తగ్గించండి

జిగురు పెట్టకముందు రెండు సగాలనూ ఒట్టిగా కలిపి వెలుతురు వైపు పట్టుకుని చూడండి. వెలుతురు ఎక్కడ దూరుతోందో అక్కడ లోపలి పిన్నులు, అంచుల మీది కొసరు ప్లాస్టిక్ అడ్డుపడుతుంటాయి. వాటిని గీకేయండి. అంటించేటప్పుడు జిగురు కాస్త ఉదారంగా పెట్టి, మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని గట్టుగా బయటికి పొంగుతుంది. అది పూర్తిగా గట్టిపడ్డాక గీకేస్తే చాలాచోట్ల పుట్టీ అవసరమే ఉండదు. నాకు తెలిసి పుట్టీ పని బాగా వచ్చినవాళ్లంతా ముందు పుట్టీని తగ్గించడం నేర్చుకున్నవాళ్లే.

అర మిల్లీమీటరు దాటిన సందు మిగిలితే సన్నని ప్లాస్టిక్ షీటు ముక్క కోసి, జిగురు రాసి దూర్చండి. వంకర సందు అయితే కరిగిన స్ప్రూ మంచిది. అదే కిట్ స్ప్రూను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ సీసా పాతది ఒకటి ఉంటే అందులో వేసి ఒక రాత్రి వదిలేస్తే చిక్కటి ద్రవం అవుతుంది. ఆరాక అది మోడల్ ప్లాస్టిక్కే కాబట్టి దాని మీద ప్యానెల్ గీత కూడా గీయొచ్చు. అయితే అందులో సాల్వెంట్ చాలా ఉంటుంది కాబట్టి పూర్తిగా గట్టిపడడానికి రోజులు పడుతుంది.

తరవాత ఆ భాగాన్ని సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. వేళ్ల జిడ్డు మీద పుట్టీ పట్టదు. అతుకుకు రెండు వైపులా ఒక మిల్లీమీటరు వదిలి మాస్కింగ్ టేపు అంటించండి. పెయింట్ షాపు టేపుకు జిగట ఎక్కువ, ముందు లుంగీ మీదో ప్యాంటు మీదో ఒకసారి అంటించి తీసి వాడితే సరిపోతుంది.

కలపడం

కలిపే పళ్లెం థిన్నర్‌కు కరగనిది కావాలి. గాజు ముక్క, స్టీలు మూత, పింగాణీ టైలు ఏదైనా పర్వాలేదు. ప్రకాశం జిల్లావాళ్లకు ఇంకో మంచి వస్తువు అందుబాటులో ఉంది: చీమకుర్తి గ్రానైట్ తెగ్గొట్టిన తుంట. పాలిష్ చేసిన ముఖం నున్నగా ఉండటం వల్ల పుట్టీ పూర్తిగా గీకి తీయొచ్చు, బరువుగా ఉండటం వల్ల కలిపేటప్పుడు కదలదు. అరచెయ్యంత తుంట దొరికితే దాచుకోండి, పేపర్ కొట్టేటప్పుడు కూడా పనికొస్తుంది. వాడి పారేసే ప్లాస్టిక్ టీ కప్పుల్లో మాత్రం కలపొద్దు. అవి పాలీస్టైరీన్‌వైతే అడుగు కరిగి పుట్టీలో కలుస్తుంది.

డబ్బా పుట్టీ అయితే పైన పొర కట్టి ఉంటుంది. ఆ పొరను పక్కకు నెట్టి కింది మెత్తటి భాగం నుంచి తీసుకోండి. పొర తాలూకు రవ్వ ఒక్కటి కలిసినా పూసేటప్పుడు చార పడుతుంది.

శనగ గింజంత పుట్టీ చాలు, ఎక్కువ కలిపితే ఎండిపోయేదే ఎక్కువ. థిన్నర్‌ను పుట్టీలో పోయాలి, పుట్టీని థిన్నర్‌లో వేయకూడదు. వేస్తే గడ్డలు కడుతుంది, తరవాత ఎంత కలిపినా విడిపోవు. మెడికల్ షాపులో దొరికే 2 మిల్లీలీటర్ల సిరంజి, సూది తీసేసి వాడితే చుక్కలు లెక్కగా పడతాయి. దాని లోపలి రబ్బరు థిన్నర్‌కు ఉబ్బుతుంది కాబట్టి ఒక పూట పనికే దాన్ని నమ్మండి. ఒక చుక్క వేసి, పుల్లతో నొక్కి నొక్కి కలిపి, పూర్తిగా కలిసిందని తేలాకే రెండో చుక్క. గిరగిరా తిప్పితే గాలి బుడగలు చేరి, ఆరాక సూది బెజ్జాలుగా మిగులుతాయి. నిదానంగా, పళ్లానికి పులిమినట్టు కలపండి.

కొలతల మాటకొస్తే, పరిమాణంలో నాలుగు పాళ్ల పుట్టీకి ఒక పాలు థిన్నర్ దగ్గర మొదలుపెట్టండి. ఈ దశలో పుట్టీ పుల్లకు అంటుకుని మెల్లగా జారుతుంది. జిగురు అతుకులో పావు మిల్లీమీటరు లోపు మిగిలిన సందులకు ఇది సరిపోతుంది. రెండు పాళ్లకు ఒకటి చేస్తే దోసె పిండి జారుడు వస్తుంది, బ్రష్‌తో లాగితే చారలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఎక్కువ పని దీనితోనే. సమపాళ్లలో కలిపితే బ్రష్ నుంచి చుక్కగా పడుతుంది. పేపర్ గీరలు, అంచుల దగ్గరి మెట్టు, గుంటగా కుంగిన ప్లాస్టిక్ మచ్చల చివరి పూత, వీటికి మాత్రమే దాన్ని వాడండి. అంతకన్నా పలచన చేస్తే పొడి అడుక్కి దిగి, పైన ఒట్టి రెసిన్ నీళ్లు మిగులుతాయి. అవి దేన్నీ నింపవు.

ఈ కొలతలు మొదలుకే. పుట్టీ డబ్బా పాతబడినకొద్దీ, గది వేడెక్కినకొద్దీ మారిపోతాయి. కాబట్టి చూపును నమ్మండి: స్ప్రూ మీద ఒక గీత గీయండి. గీత మధ్యలో బ్రష్ చారలు నిలిచిపోతే ఇంకో చుక్క కావాలి. గీత అంచులు దాటి పక్కలకు పారితే పుట్టీ ఇంకొంచెం కలపాలి.

పూయడం

సన్నని సింథటిక్ బ్రష్ పాతది చాలు. బ్రష్‌ను పళ్లెం అంచుకు తుడిచి, అతుకు వెంట ఒకే దిక్కుకు ఒకసారి లాగండి. వెనక్కి రావద్దు. కొన్ని సెకన్లకే పైన పల్చటి పొర కడుతుంది, దాని మీద మళ్లీ బ్రష్ పెడితే పొర చిరిగి ముడతలు పడుతుంది. ఎక్కడైనా తప్పిపోతే వదిలేయండి, తరవాతి పూతలో సరిపోతుంది. ఒక అంగుళం పూర్తి చేసి, ఇంకో అంగుళం. టేపును పుట్టీ తడిగా ఉండగానే, పడుకోబెట్టినట్టు వెనక్కి మడిచి తీయండి. ఎండాక తీస్తే అంచు పెచ్చులేస్తుంది.

పూతకూ పూతకూ మధ్య కనీసం అరగంట, వీలైతే గంట. రెండో పూత మొదటిదాన్ని మళ్లీ మెత్తబరుస్తుంది కాబట్టి ఈ విరామం తప్పనిసరి. రెండు మూడు పూతలకు సందు నిండకపోతే పుట్టీ ఇంకా వేయకుండా ఆగి, కింద ప్లాస్టిక్‌తో నింపాల్సింది మిగిలిందేమో చూడండి.

పేపర్ పెట్టలేని చోట తుడిచే పద్ధతి ఉంది. పూత వేసిన పది నిమిషాలకు, దూదిపుల్లను నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచి, కాగితం మీద అద్ది తడి దాదాపు పోగొట్టి, అతుకుకు అడ్డంగా ఒక్కసారి తుడవండి. అతుకు వెంట తుడిస్తే దూది సందులోకి దిగి ఉన్న పుట్టీని కూడా లాగేస్తుంది. పుల్లకు గుడ్డ బిగించి చుట్టి తుడిస్తే ఇంకా శుభ్రం, బిగువు గుడ్డ సందు పై నుంచే పోతుంది. ప్రతి తుడుపుకూ కొత్త పక్క వాడాలి.

మన ఎండ, మన ముసురు

విదేశీ మోడలర్లు చెప్పే ఆరుదల సమయాలు మనకు సరిపోవు. ఏప్రిల్, మే నెలల్లో ఒంగోలు, నెల్లూరుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి థిన్నర్ పళ్లెంలోనే ఆవిరవుతుంది. పుట్టీ బ్రష్ నుంచి దారంలా సాగుతోందంటే అది చిక్కబడిందని గుర్తు. చాలామంది అప్పుడు ఇంకో చుక్క, ఇంకో చుక్క పోస్తూ పోతారు. ఒకసారి పోస్తే పర్వాలేదు, రెండోసారికి పొర కట్టిన రవ్వలు లోపల చేరి ఉంటాయి. పారేసి కొత్తగా కొంచెం కలుపుకోవడమే నయం. ఎండాకాలం తెల్లవారి ఎనిమిదిలోపు ఈ పని ముగించండి. సీలింగ్ ఫ్యాన్ గాలి పళ్లెం మీద నేరుగా పడనివ్వద్దు. నెమ్మదిగా ఆరే థిన్నర్ ఉంటే ఇంకా మంచిది. కార్ల పెయింట్ షాపుల్లో రిటార్డర్ అని అడిగితే ఇస్తారు, థిన్నర్‌లో కొద్దిపాటి కలిపితే చాలు. మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్‌లో అది ముందే కలిసి ఉంటుంది.

త్వరగా ఆరుతుందని మోడల్‌ను డాబా మీద ఎండలో పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా చేయొద్దు. సన్నని రెక్కలు వేడికి వంగిపోతాయి. పైపొర ముందే గట్టిపడి లోపలి సాల్వెంట్ బయటికి రాలేక చిక్కుకుంటుంది. నీడలో, గాలి ఆడే చోట పెట్టాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ కథ వేరు. ఈశాన్య రుతుపవనాల వానలు మనకు బాగా పడతాయి. థిన్నర్ ఎగిరిపోయేటప్పుడు ఆ చోటును చల్లబరుస్తుంది, ముసురు గాలిలోని తేమ ఆ చల్లదనానికి పుట్టీ మీద పేరుకుని తెల్లగా పాలిపోతుంది. పుట్టీ మీద ఆ తెలుపు పేపర్ కొడితే పోతుంది గాని, ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే పూత) మీద పడితే మొత్తం మళ్లీ చేయాలి. అసిటోన్‌లాంటి వేగంగా ఎగిరేవి వాడినకొద్దీ ఇది ఎక్కువ. కాబట్టి వానాకాలం కూడా నెమ్మది థిన్నరే వాడండి, విరామం రెట్టింపు చేయండి. ఏసీ గది ఉంటే, బయట పూసి, వాసన బాగా తగ్గాక మోడల్‌ను అక్కడికి మార్చొచ్చు. ఏసీ గాలిలో తేమ తక్కువ. తుఫాను రోజుల్లో ప్రైమర్ పని పెట్టుకోకుండా కాక్‌పిట్‌కు రంగులు వేసుకోవడం ఉత్తమం.

ఎప్పుడు పేపర్ కొట్టాలి

పలచన పుట్టీ గంటలో ఆరినట్టు కనపడుతుంది, చేతికి అంటదు. అయినా ఒక రాత్రి, వీలైతే 24 గంటలు ఆగాలి. కారణం పుట్టీ ఒక్కటే కాదు. దాని కింద థిన్నర్ తగిలిన ప్లాస్టిక్ కూడా మెత్తబడి కాస్త ఉబ్బి ఉంటుంది. ఉబ్బినప్పుడే పేపర్ కొట్టి సమం చేస్తే, తరవాత సాల్వెంట్ పూర్తిగా పోయి ప్లాస్టిక్ మళ్లీ తన మట్టానికి దిగుతుంది, మీరు సమం చేసిన చోట పల్లం పడుతుంది. రంగు వేసిన కొన్ని వారాలకు గీత దెయ్యంలా తిరిగి రావడానికి ఇంకో పెద్ద కారణం ఇదే. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. థిన్నర్ వాసన ఏమాత్రం వచ్చినా ఇంకా ఆరలేదు. పూసినప్పుడే స్ప్రూ మీద కూడా అదే మందంలో ఒక మచ్చ వేసి ఉంచుకుంటే గోటితో నొక్కి చూడటానికి పనికొస్తుంది.

పలచన పూతకు 600 నంబరు వాటర్ పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ పేపర్ నునుపు) మొదలుపెడితే చాలు, 400 అవసరం అరుదు. ఆ తరవాత 800, 1000. వెండి రంగు వేయబోతుంటే 1500 కూడా. నీళ్లలో గిన్నెల సబ్బు ఒక చుక్క కలిపి తడిగానే కొట్టండి. ధూళి లేవదు, పేపర్ మూసుకుపోదు.

ఇక్కడ ఒక కీలకం ఉంది. లాకర్ పుట్టీ ప్లాస్టిక్ కంటే మెత్తగా ఉంటుంది. వేలి కింద పేపర్ పెట్టి రుద్దితే మెత్తటి పుట్టీ ముందు అరిగి మధ్యలో గాడి పడుతుంది. అందుకే పేపర్‌ను గట్టి చదునైన దానికి చుట్టి కొట్టాలి. సన్నని చెక్క ముక్క, ఐస్‌క్రీం పుల్ల సరిపోతాయి. చిన్న ముక్కలైతే పేపర్‌ను గ్రానైట్ తుంట మీద పరిచి, నీళ్లు చల్లి, ముక్కనే దాని మీద రుద్దండి, అంచు సూటిగా వస్తుంది. గుండ్రటి ఒంటి మీద మాత్రం పేపర్‌ను పట్టీలా పట్టుకుని, అతుకుకు అడ్డంగా, ఒంపు వెంట లాగాలి. అతుకు వెంటే కొడితే పైభాగం బల్లపరుపుగా తయారవుతుంది, మిగ్ వీపు గుండ్రతనం పోతుంది.

తనిఖీ

బూడిద పుట్టీ, ఆకుపచ్చ ప్లాస్టిక్ పక్కపక్కన ఉంటే కన్ను మోసపోతుంది. రెండూ ఒకే రంగులోకి వచ్చేదాకా నిజం తెలియదు. గోటిని అతుకుకు అడ్డంగా లాగి చూడండి, గోరు తట్టుకుంటే పని మిగిలింది. తరవాత బూడిద ప్రైమర్ పల్చగా కొట్టి, ఆరాక ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి, దాదాపు ఒంటికి ఆనించినట్టు పట్టుకుని వెలుతురు వేయండి. గుంటలు నీడగా, గట్టులు మెరుపుగా కనపడతాయి. దొరికిన చోట సమపాళ్లలో కలిపిన పుట్టీ ఒక పూత, మళ్లీ ఆగడం, మళ్లీ 800 పేపర్. మంచి మోడళ్లు ఈ చుట్టు ఒకటికి రెండుసార్లు తిరుగుతాయి, దాన్ని వృథా అనుకోవద్దు.

ప్యానెల్ గీతలు అతుకును దాటే చోట పుట్టీ అసలు వాడకపోవడమే మంచిది. గీత మళ్లీ గీసేటప్పుడు పుట్టీ పొడిగా రాలిపోతుంది. అక్కడ కరిగిన స్ప్రూ గాని, ఫెవిక్విక్‌లాంటి సూపర్ గ్లూలో టాల్కం పౌడర్ కలిపిన ముద్ద గాని వాడండి. సూపర్ గ్లూ రోజులు గడిచినకొద్దీ ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది, కాబట్టి ఆరిన గంటలోపే పేపర్ కొట్టేయాలి.

ట్యాంకులు చేసేవాళ్లకు పలచన పుట్టీ ఇంకో రకంగా ఉపయోగం. మన సైన్యం 1971లో వాడిన టి-55 లాంటివాటి టరెట్ (ఫిరంగి ఉండే, పైన తిరిగే భాగం) పోత ఉక్కుతో చేసింది కాబట్టి గరుకుగా ఉంటుంది, కిట్‌లో మాత్రం నున్నగా వస్తుంది. రెండు పాళ్లకు ఒకటి కలిపిన పుట్టీ పూసి, ఆరేలోపు పాత గట్టి బ్రష్ మొనతో పొడిచినట్టు తాటిస్తే ఆ గరుకు వస్తుంది. మరీ ఎక్కువగా ఉంటే మర్నాడు 800 పేపర్‌తో పైపైన ఒకసారి రుద్దండి.

మిగిలింది దాచడం

కలిపిన పుట్టీ మిగిలితే ఖాళీ నెయిల్ పాలిష్ సీసా అసిటోన్‌తో కడిగి అందులో పోసుకోండి. మూతకే బ్రష్ ఉంటుంది, గాజు కాబట్టి కరగదు. మూత మరల మీద పుట్టీ తుడిచేశాకే బిగించాలి, లేకపోతే తరవాత తెరుచుకోదు. మిగిలిన థిన్నర్‌ను సింకులోనో సైడు కాలవలోనో పోయొద్దు. పాత గుడ్డ మీద పోసి, పిల్లలు, నిప్పు లేని చోట ఆరుబయట ఆరనిచ్చి, గట్టిపడ్డ గుడ్డను చెత్తలో వేయండి. సీసా మీద ఏ పుట్టీ, ఏ థిన్నర్, ఏ నెలలో కలిపిందో రాసి అంటించండి. నెలలు గడిచాక తెరిస్తే పొడి అడుగున పేరుకుని ఉంటుంది. పుల్లతో అడుగు నుంచి కలిపి, కావాలంటే ఒకటి రెండు చుక్కల థిన్నర్ వేసి, మోడల్ మీద పెట్టేముందు మళ్లీ స్ప్రూ మీద ఒక గీత గీసి చూసుకోండి.